ఆ చెయ్యి నిజంగానే లేచింది

పోయిన వారం రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల కొట్టు నడిపే ఒక పరిచయస్తుడు నా ఫోనుకు ఒక వీడియో పంపించాడు. కింద ఒక వాక్యం రాశాడు: ‘దీనికి మీ సైన్సు ఏం చెప్తుంది సార్?’

బంగారపేట అవతల ఒక మైదానం. సాయంకాలం ఎండ ఇంకా ఉంది. వేదిక మీద కోటు తొడుక్కుని మైకు పట్టుకున్న ఒక బోధకుడు. ఆయన ముందు ఒక సన్నని మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ‘ఎత్తు తండ్రీ’ అంటాడు బోధకుడు. కుడిచెయ్యి భుజం దాకా కూడా రాదు, జారిపోతుంది. ‘మళ్లీ ఎత్తు.’ కొంచెం పైకి వస్తుంది. ‘మళ్లీ. మళ్లీ.’ జనం కూడా గొంతు కలుపుతారు. చెయ్యి ఎక్కుతూ, తడబడుతూ, చివరికి తల మీదికి నిటారుగా లేస్తుంది. మైదానం హోరెత్తిపోతుంది. సన్నని మనిషి నోరంతా తెరిచి నవ్వుతాడు. వీడియో అక్కడ ఆగిపోతుంది.

అక్కడే ఆపాలి మరి. ఇంకాసేపు నడవనిస్తే ఆ చెయ్యి మళ్లీ చచ్చుబడి పక్కకు వేలాడటం కూడా కనిపించేది.

ఆ మనిషి చనిపోయి ఏడాది దాటింది. వీడియో మాత్రం ఫోను నుంచి ఫోనుకు ఆరోగ్యంగా తిరుగుతోంది. బట్టల కొట్టాయనకు నేను జవాబు రాశాను: ‘ఆ చెయ్యి నిజంగానే లేచింది. అందులో మోసం లేదు. అది అలా ఎందుకు లేచిందో ఎవరైనా వేళకు అడిగి ఉంటే ఆయన మరి కొంతకాలం బతికేవాడు.’ కొట్టాయనకు అర్థం కాలేదు. ప్రశ్నార్థకం ఒకటి పంపాడు. దానికి ఫోనులో సమాధానం చెప్పడం నా వల్ల కాదు కనుక ఇది రాస్తున్నాను.

ఆ చనిపోయినాయన పేరు రాయను. ఇప్పటికే ఆ పేరును చాలామంది మైకుల్లో వాడుకున్నారు.

కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర ఛాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీలకు వరసగా కట్టిన మా లైను ఇళ్లకు వెనక లైనులో ఉండేవాడు. గని నడిచిన రోజుల్లో బ్యాంక్స్‌మన్‌గా పనిచేశాడు. అంటే షాఫ్టు నోటి దగ్గర, నేల మీద నిలబడి, మనుషులు దిగే ఇనుపబోనుకు, మా మాటలో కేజీకి, తలుపు వేసి, గంట కొట్టి, ఇంజను నడిపేవాడికి దించమని సంకేతమిచ్చే మనిషి. లోపలికి దిగే పని కాదు. గని మూతపడ్డాక మా ఊరందరిలాగే తెల్లారకముందే రైలెక్కి బెంగళూరులో ఏవేవో పనులు చేశాడు. చివరికి బెంగళూరు దారిలో ఉన్న నరసాపురంలో ఒక కంపెనీ గేటు దగ్గర కాంట్రాక్టు కాపలా దొరికింది.

తలుపంటే ఆయనకు ఒక పిచ్చి. మా ఇంటికి వచ్చి పోయేటప్పుడు గేటు వేసి, గడియ కదిపి చూసి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ కదిపేవాడు.

“గడియ పడింది కదప్పా, ఇంక పో” అనేవాణ్ని.

“పడిందని ఒక తూరి చూస్తే తెలీదు సార్. లోపల మనుషులుండారు.”

మా ఇంట్లో ఉన్నది నేను, నా పుస్తకాలు. అయినా ఆయనకు ప్రతి గేటూ కేజీ తలుపే.

ఆదివారం చర్చి వదిలాక నేరుగా మా వరండాకు వచ్చేవాడు, నాతో పోట్లాడటానికి. ఆయన గట్టి విశ్వాసి. నేను ఏ గుడికీ, ఏ చర్చికీ, ఏ దర్గాకూ తల వంచని వాణ్నని లైనంతటికీ తెలుసు. కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టేవాడు.

“ఏం సార్, ఈ వారం దేవుడు లేడని ఏమన్నా కొత్తగా తెలిసిందా?”

“లేదప్పా. ఉన్నాడని మీ చర్చిలో ఏమన్నా తెలిసిందా?”

“మాకూ లేదు. ఇంగ పోయిన వారం లెక్కే. కాఫీ చెప్పు.”

వాదంలో ఆయన దగ్గర ఒకే ఆయుధం ఉండేది: “నువ్వు చూసినావా సార్?” భూమి పుట్టుక చెప్పినా, కోతి నుంచి మనిషి దాకా చెప్పినా అదే. నేను మొదట్లో విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, చర్చిలో పాస్టరును కూడా అదే మాట అడిగేవాడని. ఆ ముసలాయన ఒకరోజు దారిలో నన్ను ఆపి, “మీ స్నేహితుణ్ని కొంచెం మీ వైపే ఉంచుకోండి సార్, నా ప్రసంగం సాగనీడు” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇలాంటి మనిషిని మాయలో పడ్డ అమాయకుడని కొందరు, మాయ చేసిన దొంగ అని ఇంకొందరు అన్నారు. నా కోపం అక్కణ్నుంచే మొదలవుతుంది.

జబ్బు ఎప్పుడు మొదలైందో ఎవరూ గమనించలేదు. అది జబ్బులా కాక అలవాటులా వచ్చింది. నేను చెయ్యి చాపితే వెంటనే అందుకునేవాడు కాదు. తొడ మీద పిడికిలి పెట్టి, బిగించి, వదిలి, బిగించి, వదిలి, అప్పుడు నా చెయ్యి పట్టుకునేవాడు. “ఇప్పుడు తీసుకో సార్, గట్టిచెయ్యి ఇచ్చినాను.” నిజంగానే గట్టిగా ఉండేది. కుర్చీలోంచి లేవాలన్నా అంతే. సగం లేచి కూలబడేవాడు, మళ్లీ సగం లేచి కూలబడేవాడు, ఆ తర్వాత ఏమీ జరగనట్టు నడిచిపోయేవాడు. లైనులో ఎగతాళి చేసేవాళ్లు. “చోకు లాగినాడు చూడు, ఇంగ బండి స్టార్టవుతుంది” అనేవాళ్లు. ఆయన తప్పుగా తీసుకునేవాడు కాదు. “పాత డీజిలు బండి కదప్పా, వేడెక్కాల” అనేవాడు.

నోరెప్పుడూ ఎండిపోయేది. అందుకని ఒక ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుని మాట్లాడేవాడు. వాదం ముదిరితే ముక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారేది. అది చూసి నేను ఆయన ఓడిపోతున్నాడని లెక్క వేసుకునేవాణ్ని.

కాపలా పనిలో గేటు తీయడానికి కుర్చీలోంచి లేవడం ఆలస్యమైంది. కాంట్రాక్టరు పనిలోంచి తీసేశాడు. అప్పుడు ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఛాతీ ఎక్స్‌రే తీశారు. అందులో ఒక నీడ కనిపించింది.

“యాడ పనిచేసినావు?”

“గనిలో సార్.”

“దుమ్ము. ఇంక చేసేదేం లేదు.”

పరీక్ష అయిపోయింది. మా ఊళ్లో ఇది కొత్త కాదు. ఛాంపియన్ రీఫ్స్‌లో ఏ ఇంట్లో బీరువా మీద చెయ్యి పెట్టినా ఒక ఎక్స్‌రే కవరు దొరుకుతుంది. రాతిదుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు రాయై చచ్చిపోయిన తండ్రులు, తాతలు అందులో ఉన్నారు. బంగారం ఎవరికో పోయింది, దుమ్ము మాకు మిగిలింది. అంత నిజమైన అన్యాయం ఒకటి ఉన్నప్పుడు మనుషులు ప్రతి నీడలోనూ దాన్నే చూస్తారు. డాక్టరొక్కడే కాదు, మా లైనంతా అదే చూసింది. ‘మా నాయనకు వచ్చింది, నాకూ వచ్చింది’ అని ఆయన కూడా ఒప్పేసుకున్నాడు, ఏదో ఆస్తి చేతికి వచ్చినట్టు. ఈ మనిషి ఒక్కనాడు కూడా లోపలికి దిగి రాయి తొలిచినవాడు కాడు, ఎండలో నిలబడి గంట కొట్టినవాడు అని ఊరందరికీ తెలుసు. ఆ తెలిసిన సంగతిని ఆ నీడ పక్కన పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు. ‘గని’ అన్న మాటతో మా అందరికీ ప్రశ్నలు ఆగిపోయాయి.

తర్వాత అంగవైకల్యం సర్టిఫికెట్టు కోసం ఎక్కడో ఒక శిబిరానికి వెళ్లి వచ్చాడు. ఆ ఆదివారం మా వరండాలో ఆ డాక్టరును అభినయించి చూపించాడు.

“రెండు వేళ్లు చాపి, పిండు అన్నాడు సార్. పిండినాను. ఇంతేనా, ఇంగా పిండు అన్నాడు. పిండతా పిండతా ఉంటే బలం వచ్చేసింది. ఆయప్ప వేళ్లు లాక్కుని, ఏమయ్యా నాటకమాడతా ఉండావా అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? నాకే అనుమానం వచ్చింది సార్. నేనే నాటకమాడతా ఉండానేమో అని.”

ఉసిరి ముక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారింది. నేను నవ్వలేదు.

ఒక మనిషికి తన బలహీనత మీదే నమ్మకం లేకుండా చేయడం మామూలు క్రూరత్వం కాదు. అదీ ఒక చదువుకున్నవాడు, బల్ల వెనక కూర్చుని, తన వేళ్లు నొప్పి పుట్టాయన్న చిరాకుతో చేశాడు. మొదటిసారి పట్టు ఎందుకు లేదు, చివరికి ఎలా వచ్చింది అని ఒక్క క్షణం ఆశ్చర్యపడి ఉంటే సరిపోయేది. చదువు ఆయనకు ఆశ్చర్యపడటం నేర్పలేదు, అనుమానించడం నేర్పింది. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్లు మా హేతువాదుల్లో కూడా ఉన్నారు. ఆ సంగతికి వస్తాను.

స్వస్థత సభకు తీసుకుపోయింది భార్య. ఆమెది గౌనిపల్లి. మాటకు మాట చెప్పే మనిషి. నేను అడ్డుపడబోతే నాకూ చెప్పింది.

“ఆస్పత్రిలో దుమ్మన్నారు. క్యాంపులో నాటకమన్నారు. కాంట్రాక్టరు సోమరన్నాడు. వీళ్లు మాత్రమే కూర్చో తండ్రీ, నీకేమైంది అన్నారు. యాడికి పోమంటావు సార్, చెప్పు.”

 ఇలాంటి శిబిరాలు ఒక మతం సొత్తు కాదు. ఇదే జిల్లాలో విభూతి రాసి మోకాళ్లు నయం చేసే స్వామి ఉన్నాడు, తాయెత్తుతో షుగరు తగ్గించేవాడున్నాడు. ఈ దుకాణాలన్నీ నడిచేది మన ఆస్పత్రి బల్లల ముందు అవమానపడి లేచి వచ్చినవాళ్లతోనే. నేను ముప్పై ఏళ్లుగా ఈ దుకాణాల మీద రాస్తున్నాను. ఆ బల్లల మీద రాసింది తక్కువ.

సభలో జరిగింది మీకు చెప్పాను. జరిగిన మర్నాడు ఆయన స్నానం చేసే బచ్చలింట్లో లేవలేక పడిపోయాడు. పడిపోయి ఏమనుకున్నాడు? తన విశ్వాసం చాలలేదనుకున్నాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే వాకిట్లో నిలబడి ప్రార్థన చెప్పుకుంటూ చెయ్యి ఎత్తడం మొదలుపెట్టాడు. మొదట రాదు. మళ్లీ, మళ్లీ, మళ్లీ. చివరికి లేస్తుంది. ప్రతి రోజూ లేచేది. ప్రతి రోజూ ఆయనకు స్వస్థత జరిగేది.

“చూసినావా సార్?” గోడ అవతల నుంచి అడిగేవాడు. ఇప్పుడు ఆయన ఆయుధం నా మీద నిజంగా పనిచేసింది.

“చూశాను.”

“మరి?”

“నాకు తెలియదప్పా. బెంగళూరుకు పోదాం పద. పెద్దాసుపత్రిలో చూపిద్దాం.”

“ఏం చెప్తారు? దుమ్మంటారు, లేదంటే నాటకమంటారు. మూడోది ఏముండాది?”

అలా నెలలు పోయాయి. ఆ నెలలే పోయాయి. వాటిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మా హేతువాద సంఘానికి తమక అనే ఊళ్లో ఒక మిత్రుడి ప్రెస్సు షెడ్డే సభాస్థలం. ఒక నెల ప్రసంగానికి వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పే ఒక టీచరమ్మ వచ్చింది. విషయం, మెదడు ఎలా పనిచేస్తుంది. చక్కగా చెప్పింది. మెదడులో ఒక నరం ఇంకో నరాన్ని తాకదు. మధ్యలో కంటికి కనిపించనంత సందు ఉంటుంది. మొదటి నరంలో విద్యుత్తులా పరుగెత్తుకొచ్చిన కబురు ఆ సందు దగ్గర ఆగిపోతుంది. నరం కొసలో రసాయనం నిండిన చిన్న చిన్న సంచులు సిద్ధంగా ఉంటాయి. కబురు వచ్చినంత మాత్రాన అవి తెరుచుకోవు. కబురు తగలగానే నరం కొసకున్న సన్నని తలుపులు తెరుచుకుని బయటి నుంచి కాల్షియం లోపలికి దూకాలి. అది లోపలికి వస్తేనే సంచులు అంచుకు అంటుకుని పగిలి, రసాయనం సందులోకి చిమ్ముతుంది. అవతలి నరం అందుకుంటుంది.

“మీరిప్పుడు నా మాట వింటున్నారన్నా, దానికి ఒప్పుకోవడం లేదన్నా, కోపం వస్తున్నా, అన్నిటికీ ఆ తలుపు తెరుచుకోవాలి” అందామె. “నరానికీ కండరానికీ మధ్య కూడా ఇదే తంతు. కాల్షియం అంటే ఎముకలనుకుంటాం. అది రాకపోతే ఆలోచన అవతలి ఒడ్డు చేరదు, వేలు కదలదు.”

చప్పట్లు కొట్టాం. తర్వాత మా అధ్యక్షుడు లేచాడు. పెద్ద వక్త. ఈ మధ్య ఊరంతా తిరుగుతున్న ఒక వీడియో గురించి మాట్లాడతానన్నాడు. ఫోను పైకెత్తి చూపించాడు.

“ఈ మనిషి కూలికి తెచ్చిన నటుడు. మొదట చెయ్యి లేవనట్టు ఎంత చక్కగా నటించాడో గమనించండి. ఇలాంటివాళ్లను అరెస్టు చేయాలి.”

నేను లేచాను. “ఆయన మా వెనక లైనులో ఉంటాడు. నటుడు కాడు.”

“మీకెలా తెలుసు?”

“రోజూ చూస్తున్నాను.”

“చూసినంత మాత్రాన నమ్మకూడదని మీరే కదా వ్యాసాలు రాస్తారు.”

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులో వెనక వరసలో ఒక ఇనుపకుర్చీ కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. మళ్లీ. తిరిగి చూశాను. ఆయన. సభలో తన వీడియో మాటెత్తుతారని ఎవరో చెబితే బస్సెక్కి వచ్చి కూర్చున్నాడట. సగం లేచి కూలబడుతున్నాడు.

“ఆ మనిషిని నేనే సార్” అన్నాడు, లేచి నిలబడ్డాక.

నడిచి ముందుకు వచ్చాడు. అధ్యక్షుడు తగ్గలేదు. తగ్గడం ఆయనకు అలవాటు లేదు.

“అయితే ఎత్తండి, చూద్దాం.”

ఆయన ఎత్తాడు. చెయ్యి జారిపోయింది.

“మళ్లీ ఎత్తండి” అన్నాడు అధ్యక్షుడు. అదే మాట. ఆ మైదానంలో మైకులో విన్న మాట. “మళ్లీ.”

లేచింది. తల మీదికి, నిటారుగా.

“చూశారు కదా” అన్నాడు అధ్యక్షుడు సభవైపు తిరిగి. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆయన చెయ్యి దించలేదు. దాన్ని అలాగే ఉంచి మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

“ఆ స్టేజీ మీద ఎత్తమన్నారు, ఎత్తినాను. ఈ స్టేజీ మీద ఎత్తమన్నారు, ఎత్తినాను. వాళ్లకూ చప్పట్లే, మీకూ చప్పట్లే. ముందు తూరి ఎందుకు లేవలేదప్పా అని అడిగేవాడు యాడా లేడా?”

 టీచరమ్మ తన కుర్చీ ఆయన వైపు జరిపింది.

“నేను అడుగుతాను. కూర్చోండి.”

కూర్చోబెట్టి, చెయ్యి ఒళ్లో పెట్టుకోమని, కాసేపు దానికి విశ్రాంతినిచ్చింది. తర్వాత ఎత్తమంది. చెయ్యి లేవలేదు. ఆమె ముఖం మారింది.

“నోరు ఎండిపోతుందా?”

ఆయన బుగ్గలోంచి ఉసిరి ముక్క తీసి అరచేతిలో చూపించాడు.

“బీడీ తాగుతారా?”

“తాగతాను తల్లీ. అబద్ధమెందుకు.”

“ఛాతీ ఎక్స్‌రే?”

“తీసినారు. దుమ్మన్నారు. గనిలో పని కదా.”

“లోపల ఏం పని?”

“లోపల కాదు తల్లీ. పైన. గంట కొట్టేది.”

“మరి దుమ్ము ఎక్కడిది?”

ఆ షెడ్డులో కేజీఎఫ్ వాళ్లం సగానికి సగం ఉన్నాం. గనిలో ఎవడు లోపల, ఎవడు పైన అన్నది మాకు అక్షరాల కన్నా ముందు వచ్చిన చదువు. బయటి ఊరి నుంచి వచ్చిన ఆమె అడిగేదాకా మాలో ఎవరికీ ఆ ప్రశ్న పుట్టలేదు.

ఆమె మాట మీద బెంగళూరుకు పోయాం. అక్కడ నరాల డాక్టర్లు సూదులు గుచ్చి, కండరానికి కబురు ఎంత చేరుతోందో కొలిచారు. స్కాను తీశారు. ఎక్స్‌రేలో నీడ దుమ్ము కాదు, బీడీలు పెంచిన క్యాన్సరు గడ్డ. ఆ గడ్డ మీద పోరాడటానికి ఒంట్లో పుట్టిన ఆయుధాలే దారి తప్పి, నరాల కొసల్లో కాల్షియం దూరే తలుపుల మీద పడ్డాయి. తలుపులు చాలామటుకు మూతపడ్డాయి. ఒక కబురు వస్తే చాలినంత కాల్షియం లోపలికి రాదు, సంచులు పగలవు, చెయ్యి లేవదు. కానీ కబురు మీద కబురు పంపుతూ ఉంటే, ప్రతిసారీ దూరిన పిసరంత కాల్షియం కొసలో పోగుపడుతుంది. పోగుపడి పోగుపడి కాసేపటికి చాలినంత అవుతుంది. అప్పుడు చెయ్యి లేస్తుంది. విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పడిపోతుంది. ‘మళ్లీ’ అని ఎవడన్నా లేచేదే. దేవుణ్ని నమ్మేవాడన్నా, నమ్మనివాడన్నా.

ఈ జబ్బు చాలామందికి గడ్డ బయటపడకముందే కనిపిస్తుందట. అంటే ఆ చెయ్యి ఒక హెచ్చరిక. లోపల గడ్డ ఉంది, వెతకండి అని ఆయన ఒళ్లు అందరి ముందూ, మైదానంలో, శిబిరంలో, మా షెడ్డులో చెబుతూనే ఉంది. హెచ్చరికకు జనం హల్లెలూయా అన్నారు.

డాక్టరు చెప్పినదంతా విని ఆయన నా వైపు తిరిగాడు. “గంట సరిగ్గానే కొడతా ఉండాను సార్. ఇంజను కాడ వాడికే చెవుడు. పదితూర్లు కొడితే గానీ కదలడు.” డాక్టరు నవ్వి, అంతే అన్నాడు.

భార్య మాత్రం కాల్షియం అన్న మాట పట్టుకుంది. ఇంటికి వచ్చిన రోజు నుంచి మూడు పూటలా రాగిముద్ద. గౌనిపల్లి నుంచి రాగులు తెప్పించింది. మందుల షాపులో కాల్షియం మాత్రలు కొని పాలతో మింగించింది. కాల్షియం తక్కువై కాదమ్మా, అది లోపలికి దూరే తలుపులు మూతపడ్డాయి అని నేను చెబితే ఆయన అడ్డు వచ్చాడు. “ఉండనీ సార్. ఆమె చేతనైంది ఆమె చేస్తా ఉండాది. ముద్ద తిని చచ్చినోడు యాడన్నా ఉండాడా?”

మందులతో కొంచెం బలం వచ్చింది. కుర్చీలోంచి ఒక్కసారికే లేచి చూపించాడు. కానీ గడ్డ అప్పటికే కాలేయం దాకా పాకింది. ‘ఇంకొంచెం ముందే వచ్చి ఉంటే’ అని మొదలుపెట్టిన డాక్టరు, భార్య ముఖం చూసి, మాట మార్చాడు.

ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు ఆయన ఒక్క పని కోసం తిరిగాడు. స్వస్థత సభ నడిపేవాళ్ల ఆఫీసుకు పోయాడు.

“వీడియో తీసేయమనలా సార్. దాని కింద ఒక మాట పెట్టమన్నాను. ఇట్లా ముందు లేవకుండా, మళ్లీ మళ్లీ ఎత్తితే చెయ్యి లేచేవాడెవడన్నా ఉంటే, డాక్టరుకు చెప్పి ఛాతీ చూపించుకోండి అని. అంతే.”

“ఏమన్నారు?”

“ఇచ్చిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటే పాపమన్నారు.”

మా సంఘం పత్రికలో అదే మాట వేయమని అధ్యక్షుణ్ని నేను అడిగాను. నటుడన్నది తప్పని కూడా వేయమన్నాను. అలా వేస్తే ఉద్యమం పలచబడుతుందన్నాడు. ‘చెయ్యి నిజంగా లేచిందని మనమే ఒప్పుకుంటే ఎలా?’ అన్నాడు. ఆ సంగతి మా వరండాలో చెబితే ఆయన చాలాసేపు నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

“మీ ఇద్దరికీ ఒకే అయ్యవారు పాఠం చెప్పినాడేమో కనుక్కో సార్.”

నిజం మన వాదానికి పనికొచ్చినప్పుడే నిజమనుకునేవాడు హేతువాది కాడు. వాడు వేరే రంగు కోటు తొడుక్కున్న బోధకుడు. ఈ మాట నేను ఆ అధ్యక్షుడి ఎదుటే అన్నాను, ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఆ పత్రికలో ఇది అచ్చు కాదు. అందుకే వేరే చోటికి పంపుతున్నాను.

సమాధి చేసిన రోజు చర్చి పాస్టరు, ముసలాయన, పొట్టిగా తన ప్రార్థన ముగించాడు. మట్టి వేయబోతుండగా స్వస్థత సభ వాళ్ల కారు వచ్చింది. కోటు బోధకుడు కాదు, ఆయన కింద పనిచేసే ఒక పెద్దమనిషి. భార్య దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా ఓదార్చాడు.

“చెల్లీ, ప్రభువు స్వస్థత ఇచ్చినాడు. మనిషే దాన్ని నిలుపుకోలేకపోయినాడు. విశ్వాసం తగ్గింది. నువ్వు తగ్గనీయకు.”

ఆమె ఏడవడం ఆపింది.

“తగ్గిందా అన్నా? దినామూ పొద్దున్నే వాకిట్లో నిలబడి, చెయ్యి ఎత్తి ఎత్తి, మీ మాట నిజం చేసినాడు. బచ్చలింట్లో పడినాక ఆస్పత్రికి పోదాం రా అని కాళ్లు పట్టుకున్నాను. పోతే మీ మాట పోతాదని పోలేదు. ఎవురి విశ్వాసం తగ్గింది?”

 ఆయన చేతులు పైకెత్తి, “ప్రార్థన చేద్దాం, అందరూ కళ్లు మూసుకోండి” అన్నాడు.

“చేసుకో అన్నా” అందామె. “నేను మూసుకోను.”

చుట్టూ ఉన్నవాళ్లంతా అలవాటుగా తల వంచి కళ్లు మూసుకున్నారు. నేను ఏ ప్రార్థనకూ కళ్లు మూసుకోను కనుక చూశాను. ఆమె ఆయన ఎదురుగా, మూరెడు దూరంలో నిలబడి, రెప్ప వేయకుండా ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆయన ఒక వాక్యం చెప్పి తడబడ్డాడు. కళ్లు తెరిచాడు. ఆమె అలాగే చూస్తోంది. మళ్లీ మూసుకుని మొదటి వాక్యమే మళ్లీ అందుకున్నాడు, అది సగంలో వదిలేసి ఆమెన్ అన్నాడు. ఆ ఆమెన్‌కు వెనక ఒక్క గొంతూ పలకలేదు.

ఆమె వంగి, మొదటి పిడికెడు మట్టి తనే తీసుకుంది.